వాకిట నిలిచినవాని వంతు





మన బెల్లంపల్లి నీడ వెదకుకొనుచు వచ్చినవారితో నిండిన ఊరు. బొగ్గుబావులలో పనికై పల్లెలు విడిచి వచ్చినవారు తొలినాళ్లలో గుడిసెలలోను, పరుల వసారాలలోను తలదాచుకొనిరి. పిదప కొందరికి క్వార్టర్లు దొరికినవి. ఉద్యోగ విరమణతో ఆ క్వార్టరు తిరిగి అప్పగింపవలసినదే. ఇక్కడి బావులు పెక్కు మూతపడిన తరువాత, సొంత ఇల్లు కట్టుకొనలేనివారు మరల మొదటి స్థితికే వచ్చిరి. క్వార్టరు మొగమే ఎరుగని కాంట్రాక్టు కూలీల మాట చెప్పనేల!

బసవేశ్వరుడును ఇల్లు విడిచినవాడే. ఉపనయనమును నిరాకరించి, బాగేవాడిలోని పుట్టింటిని వీడి కూడలసంగమము చేరెను. కల్యాణమున ఆయన గృహము మహామనెయై వచ్చినవారినెల్ల చేర్చుకొనుటకు మూలము ఆ అనుభవమేయని నా తలంపు.

ఆ కల్యాణమునకు వచ్చినవారిలో మోళిగె మారయ్య యొకడు. కాశ్మీర రాజ్యమును, రాజసౌధమును విడిచి భార్య మహాదేవమ్మతో వచ్చెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపు తలకెత్తుకొని అమ్మి, వచ్చినదానితో జంగమార్చన చేయుచుండెను. ఒకనాడు ఆయన ఇంట లేనివేళ బసవేశ్వరుడు జంగమవేషమున వచ్చి, మహాదేవమ్మ పోసిన అంబలి త్రాగి, ఆ పేదరికమునకు జాలిపడి, ఎవరికిని తెలియకుండ బంగారు నాణెములు ఉంచి వెళ్లెను. మారయ్య వచ్చి చూచి సంతసింపలేదు. ఆ ధనమును జంగమములకు పంచివేసెను. జంగమ పాదోదకము చిలుకరింపగా కట్టెలే బంగారమయ్యెనని కథ.

ఈ కథను పిల్లలకు ఎన్ని మారులు చెప్పితినో! ప్రతిసారియు కట్టెలు బంగారమైన చోటనే గొంతు పెంచుచుంటిని. ఇప్పుడు దానికి ముందే ఆగిపోవుచున్నాను. మారయ్య ఏల సంతసింపలేదు? బసవేశ్వరుని మనసున లోపము లేదు. కాని ఆ బంగారమును దాచుకొన్నచో మారయ్య పుచ్చుకొనువాడుగనే మిగిలిపోవును. పెట్టువాని వంతు పోవును. ఇల్లు లేనివానికి ఆ వంతు లేకుండ చేయునది దానమగునేమో గాని దాసోహము కాదు.

తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు (1907–2019) విద్యార్థిగా కొంతకాలము ఆ మఠపు నీడనే ఉండిరి. 1941లో మఠభారము వహించిన పిదప ఊరూర ధాన్యము భిక్షగా తెచ్చి, కులమత భేదము లేక వేలాది పిల్లలకు అన్నము, అక్షరము, ఆశ్రయము కల్పించిరి. నీడ పొందినవాడు నీడనిచ్చుట యనగా ఇదియే.

ఇక నా తప్పు చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట బసవ జయంతినాడు మా సభాస్థలి మెట్లపై ఒక వృద్ధుడు మూట తలక్రింద పెట్టుకొని పడుకొనియుండెను. "లేవయ్యా పెద్దాయనా, సభ వేళయినది" అంటిని. కసరలేదు; కాని లేపితిని. అతడు వేపచెట్టు క్రిందికి పోయెను. నేను లోనికి పోయి దాసోహముపై ముప్పావుగంట ప్రసంగించితిని. చప్పట్లును మ్రోగినవి.

ప్రసాదము వేళ సిగ్గుపడి విస్తరి తీసికొని అతనికడకు పోతిని. "ఉత్తగ తినుడు నాతోని కాదు సారూ, ఏదన్న పని చెప్పుండ్రి" అనెను. ఆనాడు ఎంగిలాకులు ఎత్తినవాడు అతడే. ఆవరణ ఊడ్చుటకు చిన్న జీతము, సామానుల గదిలో ఒక మూల అతనికి ఏర్పాటు చేసితిమి. మరుసటి జయంతికి తన జీతములోనుండి పానకమునకు బెల్లము తెచ్చెను. లింగధారి కాడని ఇద్దరు పెద్దలు సంకోచించిరి. వారిని తప్పుపట్టను, నేనును ఒక క్షణము తటపటాయించితిని. మన కుటుంబములలోని ఒక ముసలమ్మ లేచి, ఆ బెల్లము అతని చేతినుండి అందుకొని గంగాళములో వేసెను. అందరమును త్రాగితిమి.

అతడు గతించి రెండేండ్లయినది. ఆ గదిలో నేడు విరిగిన కుర్చీలు నిండియున్నవి. రైల్వే స్టేషనులోను, బస్టాండులోను రాత్రివేళ పడుకొనువారిని మీరును చూచుచునే యున్నారు. కార్తికపు తొలి సోమవారము ఉదయము ఆ కుర్చీలు బయటికి చేర్చుటకు నేను పోవుచున్నాను. తాళపుచెవి నా యొద్దనే యున్నది. రాగలవారు చీపుళ్లు తెచ్చుకొనవలెనని ప్రార్థన.