కనుబొమ్మలు – కారణం – ధమ్మం



పల్చబడ్డ కనుబొమ్మలకు పీఆర్పీ చేయించుకోవడం తృష్ణేనా అని మన కృత్తివెన్ను ఆడపిల్ల అడిగితే ఏం చెబుతాం? మన రక్తమే తీసి, మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ద్రవాన్ని కనుబొమ్మల దగ్గర సూదితో ఎక్కిస్తారు. చక్కగా కనబడాలనుకోవడం అకుశలం కాదు. కానీ దుఃఖానికి ముందు కారణం వెతకమన్నాడు బుద్ధుడు. కనుబొమ్మలు రాలడానికి థైరాయిడ్ కారణం కావచ్చు, కుష్టూ కావచ్చు. అది తేల్చుకోకుండా సూది వేయించుకుంటే డబ్బు పోతుంది, జబ్బు ఉండిపోతుంది. కుష్టు మందులు గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితం. సిగ్గుపడి దాచుకోకండి.

రాజగృహంలో సుప్పబుద్ధుడనే నిరుపేద కుష్టురోగి, అన్నం పెడుతున్నారనుకొని జనం దగ్గరికొచ్చాడు. ఆ జనంలో బుద్ధుడు అతణ్ణే గుర్తించి, అతనికి అర్థమయ్యేలా ధమ్మం చెప్పాడు. వెలి అంటే ఏమిటో తెలిసిన మనం, ముఖం చూసి మనిషిని కొలవొద్దు.