తినవచ్చా అన్నదొక్కటే ప్రశ్నా?

"ఆక్టోపస్ తినవచ్చా?" అని గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక సోదరుడు మమ్మల్ని అడిగారు. జవాబు ఫిఖహ్ గ్రంథాల్లో ఎప్పటి నుంచో ఉంది. హనఫీ పండితుల దృష్టిలో సముద్ర జీవుల్లో చేప మాత్రమే ధర్మసమ్మతం. షాఫయీ, మాలికీ పండితులు సముద్రపు వేటను అనుమతించిన ఆయతును విస్తృతార్థంలో తీసుకొని దీన్నీ హలాల్ అన్నారు. ఎవరి మజ్‌హబ్ వారు పాటించవచ్చు, వాదులాట అనవసరం.

కాని వేటాడటం వేరు, బంధించి పెంచడం వేరు. స్పెయిన్‌కు చెందిన ఒక సంస్థ కానరీ దీవుల్లో ఆక్టోపస్‌లను తొట్టెల్లో పెంచాలని పథకం వేసింది. 2023లో బయటపడిన పత్రాల ప్రకారం ఏడాదికి 3,000 టన్నులు, అంటే సుమారు 10 లక్షల ప్రాణులు. చంపే పద్ధతి, మైనస్ 3 డిగ్రీల నీటిలో ముంచడం. అది నెమ్మదిగా వచ్చే బాధాకరమైన చావని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. వాటికి బాధ ఉండదని సంస్థ అన్నది.

"రోజూ మేత వేస్తాం కదా, తప్పేమిటి?" అని పెంచేవారు అడగవచ్చు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించిన హదీసు మనందరికీ తెలుసు. ఆమె దానికి తిండీ పెట్టలేదు, పురుగూ పుట్రా ఏరుకు తినడానికి వదలనూ లేదు. మరి తిండి పెట్టి ఉంటే? చిన్నారి అబూ ఉమైర్ దగ్గర ఒక పిట్ట ఉండేది. దైవప్రవక్త (సల్లం) దాన్ని కాదనలేదు. కనుక బంధించడమే పాపమని మేము అనలేం.

అయితే ప్రాణి హక్కు మేతతోనే తీరిపోతుందా? మేక మందలో బతికే జంతువు, మందగా పెంచితే దాని స్వభావానికి విరుద్ధం కాదు. ఆక్టోపస్ రాళ్ల సందుల్లో ఒంటరిగా బతుకుతుంది. ఇరుకున కలిపి ఉంచితే ఒకదాన్నొకటి పీక్కు తింటాయి. సృష్టికర్త దానికి సుమారు 50 కోట్ల నాడీకణాలు ఇచ్చాడు, వాటిలో ఎక్కువ భాగం చేతుల్లోనే ఉన్నాయి. సీసాలో పీతను పెట్టి మూత బిగిస్తే విప్పుకొని తినగలదు. అది బాధను అనుభవిస్తుందనడానికి బలమైన ఆధారాలున్నాయని 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నిపుణులు నివేదిక ఇచ్చారు. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో దాని పెంపకాన్నే నిషేధించాయి. (వాళ్లు మన హదీసులు చదివి ఆ పని చేయలేదు. సిగ్గుపడవలసి వస్తే అది మనమే.)

చేపకు జబహ్ అక్కర్లేదు గనుక నీటి ప్రాణులపై దయా అక్కర్లేదని కొందరనుకుంటారు. జబహ్ వేళ కత్తికి పదును పెట్టమన్న ఆదేశం ప్రాణికి బాధ తగ్గించడానికే. అది నీటి ఒడ్డున ఆగిపోతుందని మాకు తోచడం లేదు.

ఆ సోదరునికి ఇలా రాశాం: మీరు హనఫీలైతే మీ ప్రశ్న ముగిసింది. షాఫయీలైతే సముద్రపు వేట తినండి. తొట్టెలో పెంచినది బజారుకు వస్తే దాన్ని హరాం అనే సాహసం మేము చేయం, నిస్సంకోచంగా తినమనీ చెప్పలేం.