పెద్దల పేర్లు ఎక్కిన మేడ

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లినవాళ్లంతా షేక్‌స్పియర్ పుట్టిన ఇంటి ముందు బారులు తీరతారు. నా మనసు మాత్రం చర్చి స్ట్రీట్‌లోని గిల్డ్‌హాల్ మీదే.

ఎంత చక్కని కట్టడమో! ఓక్ నిట్రాళ్లు దగ్గర దగ్గరగా నిలబెట్టి, సందుల్లో మట్టి మెత్తి, సున్నం పూశారు. పై అంతస్తు ఒకింత ముందుకొచ్చి వీధిని తొంగిచూస్తున్నట్టుంటుంది. 1420 ప్రాంతంలో దీన్ని కట్టించింది ఏ రాజో కాదు, హోలీ క్రాస్ గిల్డ్ అనే సంఘం. అందులో ఆడవాళ్లకూ సభ్యత్వం ఉండేది. అంతకన్నా విడ్డూరం, చనిపోయినవాళ్లనూ చేర్చుకునేవాళ్లు! బతికున్నవాళ్లు రుసుము కడితే పోయినవాళ్ల పేర్లు సంఘం రిజిస్టరుకెక్కేవి, వాళ్ల ఆత్మల కోసం గురువులు ప్రార్థించేవారు. ఏటా పెద్దలకు పెట్టుకునే మనకు ఆ ఆరాటం ఒకరు చెప్పాలా? ఆ సంఘమే ఇక్కడ విందులూ చేసుకునేది.

1547లో గిల్డు రద్దయింది. 1553లో ఆరో ఎడ్వర్డ్ ఇచ్చిన పట్టాతో ఊరికి పాలకమండలి ఏర్పడింది. విందుల ఇల్లు కచేరీ అయింది. కొన్నాళ్లకు మేడ మీదికి బడి వచ్చింది.

1568లో జాన్ షేక్‌స్పియర్ బైలిఫ్ అయ్యాడు. తోలు చేతితొడుగులు కుట్టుకు బతికే మనిషి ఊరిపెద్ద కావడమే ఒక ముచ్చట. ఆయన హయాంలోనే నాటకాలవాళ్లు ఈ ఊరొచ్చి, ఈ హాల్లో ఆడారు. రాణిగారి సమాజానికి 9 షిల్లింగులు, వూస్టర్ ప్రభువు సమాజానికి 1 షిల్లింగు ఇచ్చినట్టు ఊరి లెక్కల్లో రాసి ఉంది. పద్దు రాసిన గుమాస్తాకు వేయి దండాలు! అప్పటికి జాన్ కొడుకు విలియమ్ అయిదేళ్లవాడు. కాస్త పెద్దయ్యాక ఆ పిల్లవాడు ఈ మేడ మీదే లాటిన్ వల్లించాడని పండితులు చెబుతారు. కచేరీ, నాటకం, లాటిన్ కవి ఓవిడ్ కవిత్వం, అన్నీ ఒకే కప్పు కింద! నాటకకర్త కాబోయే పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

2016 నుంచి సందర్శకులను లోపలికి రానిస్తున్నారు. అలాగని బడిని పక్కకు నెట్టలేదు. కింగ్ ఎడ్వర్డ్ బడి పిల్లలు ఇప్పటికీ ఆ మేడగదిలో పాఠాలు వింటారు. నన్నడిగితే ఈ మేడకు అసలైన వైభవం అదే. ఇంగ్లండులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మల్లారా, నాన్నల్లారా, లండన్ వంతెనా గడియారమూ చూసి తిరిగొచ్చేయకండి. ఒక్కపూట స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లి, ఆ మెట్లెక్కి రండి.