కొలతకు కొలత

చెడి మూలపడిన వస్తువు ఎవ్వరిని మోసగింపజాలదు. నిలిచిపోయిన గడియారమును నమ్మి ఎవ్వడును రైలునకు బయలుదేరడు. పావుగంట వెనుకబడి నడచుచున్న గడియారమే బండిని తప్పించును. పనిచేయుట వేఱు, నిజము చెప్పుట వేఱు. ఈ భేదమును గుర్తింపక ఒక సాధనమును బాగుచేసితిమని సంతోషించుట తగునా? కొలిచెడివానికి తన కొలమానమును గూర్చిన బాధ్యత యెంతవఱకు కలదు? ఈ ప్రశ్నను రేడియో పనివారి పాత పరీక్షాయంత్రముల మూలమున విచారింప దలచితిమి.

హైదరాబాదులో 1935 నుండి నిజాము ప్రభుత్వపు డక్కను రేడియో నడచెను. 1950లో అది ఆలిండియా రేడియోలో చేరెను. పిమ్మటి దశాబ్దములలో నల్లగొండ, సూర్యాపేట, మహబూబునగరము, వనపర్తి వంటి పట్టణములలో రేడియో మరమ్మతు దుకాణములు వెలసెను. విద్యుత్తును మూడు విధముల కొలుచు మీటరును, రేడియో తరంగములను పుట్టించు సిగ్నల్ జనరేటరును స్తోమతగల పనివాని బల్లపై నుండెడివి. 1923లో ఇంగ్లండున వెలువడిన ఏవో మీటరు ఈ జాతికి పెద్ద. చౌకయైన డిజిటల్ మీటర్లు వచ్చి వీనిని అటక యెక్కించినవి. నేడు హామ్ రేడియో అభిరుచి గలవారును, పాత సెట్లను సేకరించువారును వానిని దింపి బాగుచేసికొనుచున్నారు.

ముసలితనమున ఈ యంత్రములు చెడు తీరు గమనింపదగినది. మైనము పట్టించిన కాగితపు కండెన్సర్లు విద్యుత్తును జారవిడుచును. కర్బనపు రెసిస్టెన్సులు ఎండకు, చెమ్మకు క్రమక్రమముగా తమ విలువను పెంచుకొనును. మీటరులోని అయస్కాంతము బలహీనపడును. చల్లని గదిలో సరిచూచి పంపిన యంత్రము నలువది డిగ్రీలు దాటు నల్లగొండ వేసవిలో పనిచేయవలసి వచ్చును. అయినను వీనిలో నేదియు యంత్రమును ఆపదు. దీపము వెలుగును, ముల్లు కదలును, యజమాని సంతోషించును. కాని జనరేటరు 455 కిలోహెర్ట్జులని చూపుచు 470 వెలువరించుచున్నచో, దానిని నమ్మి సరిచేసిన ప్రతి సెట్టును దారి తప్పును. పనివాని చేయి యెంత నేర్పుగలదైన, ఆ తప్పు అంత నిర్దోషముగా ఇంటింటికి చేరును.

కొలత వంకర యనగా నేమో ఈ సీమవారికి చెప్పనక్కఱలేదు. ధాన్యమును నాగుకిచ్చునపుడొక మానిక, తిరిగి కొలుచుకొనునపుడొక మానిక యని పెద్దలు చెప్పుకొన్న దుఃఖము అందఱెఱిగినదే. అచ్చట మోసము మనసులో నుండెను, మానిక నోరులేనిది. ఇచ్చట మనసులో మోసము లేదు, తప్పు కొలతలోనే యున్నది. అట్లని నష్టపడువానికి భేదమేమి? నల్లగొండ జిల్లా బోరునీటిలోని ఫ్లోరైడు ఎందఱి యెముకలను వంచెనో చూచితిమి. మఱొక నీరు దొరకనప్పుడును లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. ఆ నీటిని పరీక్షించు ఎలక్ట్రానిక్ మీటరును తెలిసిన ద్రావణములతో ముందుగా సరిచూడవలయును. అట్లు చూడక, మూడున్నచోట ఒకటియని చదివి చెప్పినవాడు, ‘నేను అబద్ధమాడలేదు, యంత్రమే అట్లు చూపినది’ అని తప్పించుకొనవచ్చునా? చెల్లదని మా అభిప్రాయము. కొలుచు పనిని చేపట్టినవాడు కొలతను పరీక్షించు పనిని కూడ చేపట్టినవాడే.

ఆ ప్రమాణమును మఱియెవ్వడు కొలుచును? దానికి తుది యెక్కడ? అని కొందఱడుగుదురు. మంచి ప్రశ్నయే. 1911 నుండి చిరకాలము వోల్టునకు ప్రమాణముగా నిలిచిన వెస్టను సెల్లు ఇరువది డిగ్రీలయొద్ద 1.0183 వోల్టుల నిచ్చెడిది. అదియు మార్పు లేనిది కాదు. అందుచేత ప్రయోగశాలలు ఒక్క సెల్లును నమ్మక అనేకములను చేర్చి, ప్రతిదానిని తక్కినవానితో పోల్చి చూచెడివి. తుది యొక నిర్దోషియైన వస్తువునందు లేదు. ఒండొరులతో పోల్చుకొనుటకు వెనుదీయని కూటమియందున్నది. మఱియొక విశేషము: ఏ మంచి ప్రయోగశాలయు తన పత్రముపై ‘తప్పు లేదు’ అని వ్రాయదు, తన కొలత యెంతవఱకు తప్పిపోవచ్చునో అంకెలతో వ్రాయును.

బీదపనివానికి ప్రయోగశాల యెక్కడిదందురా? అమెరికాలోని డబ్ల్యు.డబ్ల్యు.వి. కేంద్రము 5, 10, 15 మెగాహెర్ట్జుల వంటి ఖచ్చితమైన స్థానములలో సంకేతములను పంపుచుండును. ఆకాశ మనుకూలించిన వేళ ఆ సంకేతముతో జనరేటరు ధ్వనిని కలిపి వినినచో రెంటి భేదము ఈలగా వినబడును. భేదము తగ్గినకొలది ఈల బొంగురుపోయి, సమమైనప్పుడు అణగిపోవును. వోల్టుమీటరునకైన, నమ్మదగిన మఱొక మీటరుతో పోల్చి, ‘నూటికి మూడు ఎక్కువ చూపును’ అని చీటి వ్రాసి అంటింపవచ్చును. తెలిసిన తప్పుగల మీటరు పనికివచ్చును. తెలియని తప్పుగలది ప్రమాదకరము.

పాతవానియెడల మనవారి వైఖరి రెండు తెఱగులు. తాతలనాటిది తప్పదని ఒకరు పూజింతురు. పాతదికనుక పాఱవేయుడని మఱొకరందురు. ఇరువురును సరిచూచు శ్రమను తప్పించుకొన్నవారే. ఆచారములకును ఇదియే న్యాయము.

మన అంతరాత్మ కూడ ఒక మీటరే. అది ఆగిపోదు, ముల్లు కదలుచునే యుండును. అందువలననే మనము దానిని శంకింపము. మనవలెనే తలచువారి నడుమ అది సంవత్సరమున కింత చొప్పున జరిగిపోవుచుండును. ‘కుమార్తెను పైచదువునకు పంపకుండుట నా మనసునకు తప్పని తోచలేదు’ అను గృహస్థు అసత్యమాడుట లేదు. తన ముల్లు చూపినదే చెప్పుచున్నాడు. దానిని దానితోనే కొలిచి లాభము లేదు. ఆ కుమార్తెనే అడుగవలయును. ఆమె మాటకును తన మాటకును నడుమ ఈల వినబడునేమో ఓపికతో చెవియొగ్గవలయును. వినబడినచో, తప్పు ఎవరియందున్నదో తేలువఱకు తన మనసునే తుది ప్రమాణమని చాటుట మానవలయును. మంచివాడనిపించుకొనుటకు ముందు మనము చేయవలసిన పని యిది.