మోగించే చెయ్యి

బండి నడుపుతూ చేతిలో సెల్‌ఫోను పట్టుకోవడాన్ని నిషేధించాలా, వద్దా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నిషేధం ఉందండీ! 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన చట్ట సవరణ ప్రకారం మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరునెలల నుంచి ఏడాది దాకా జైలు, రెండూ పడవచ్చు.

అయినా మా సత్యవేడు రోడ్డు మీద నిలబడి చూడండి. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే కుర్రాళ్ళు హెల్మెట్టుకీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతుంటారు. చేతులు హ్యాండిలు మీదే ఉన్నాయిగా అని ధీమా! చేతులుంటే చాలునా, ధ్యాస ఉండొద్దూ?

ఇంతకీ అవతల మాట్లాడేదెవరు? చాలాసార్లు ఇంట్లోని తల్లో, ఇల్లాలో. "యాడుండావు నాయనా?" "వచ్చేటప్పుడు పెరుగు తీసుకురండి." ప్రేమే, కాదనను. కాని అతనికి ఎదురుగా రోడ్డు దాటేది మరో తల్లి బిడ్డ కావచ్చు. మన పెరుగు కోసం ఆ బిడ్డను పణం పెట్టే హక్కు మనకెక్కడిది?

ఫోను ఎత్తకపోతే దిగులు కాదూ అంటారు. దిగులే. కాని ఆ దిగులు భరించేది మనం. ఎత్తితే వచ్చే ముప్పును భరించేది ముక్కూ మొహం తెలియని ఎవరో.

పట్టుకున్న చేతిని చట్టం శిక్షిస్తుంది. మోగించిన చేతిని శిక్షించదు. కనుక ఆ చేతిని ఆపుకోవలసింది మనమే. బయల్దేరాడని తెలిశాక చేరేదాకా ఫోను చెయ్యకండి. చేసినా, ఎత్తలేదని అలగకండి. రోడ్డు చూసుకుంటున్నాడని సంతోషించండి.