నువ్వుగింజంత రహస్యం

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈ అపవాదుకి మూలపురుషుడు ధర్మరాజట. కర్ణుడు తన అన్నగారని యుద్ధమంతా అయిపోయాక కుంతి చెప్పేసరికి ఒళ్ళు మండి, ఇకమీదట ఆడవాళ్ళ దగ్గర రహస్యం దాగకుండుగాక అని శపించేశాడు. తల్లి ఒక్కర్తీ చేసినదానికి లోకంలో ఆడవాళ్ళందర్నీ శపించడం ఏం ధర్మమో ఆయనే చెప్పాలి! ఏమైతేనేం, ఆ శాపానికి మన దేశంలో ఒక్క మినహాయింపు ఉంది. ఫలానా సంగతి మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు, చెప్పమని నిలదీసే హక్కు ఎవరికీ లేదు అని చట్టమే అభయమిచ్చింది. అదే మన ఓటు.

చట్టం ఇచ్చింది సరే, మనం దాచుకుంటున్నామా? కట్టుకున్నవాడి దగ్గర దాస్తే అది కపటమవుతుందా? ఒకరికి మాటిచ్చి, అట్ట చాటున మరొకరికి వేస్తే పాపమా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్నలు నన్ను పట్టుకుంటాయి.

అసలు ఆ చాటు ఎప్పుడూ ఉన్నది కాదు. ఇంగ్లండులో 1872 దాకా ఓటరు నలుగురి ఎదుటా నిలబడి, నా ఓటు ఫలానావారికి అని పైకి చెప్పాల్సిందే. పొలం కౌలుకిచ్చిన దొరా వింటూంటాడు, అప్పిచ్చిన షావుకారూ వింటూంటాడు. కౌలు పోతుందని భయపడేవాడి నోట ఎవరి పేరు వస్తుందో వేరే చెప్పాలా? రహస్యంగా ఓటు వేసే పద్ధతిని 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వాళ్ళు తెచ్చారు. ఆ దేశమే 1924లో ఓటు వెయ్యడం తప్పనిసరి చేసింది. కారణం లేకుండా వెళ్ళకపోతే జరిమానా. అంటే వెళ్ళావా లేదా అని సర్కారు అడుగుతుంది గానీ, ఎవరికి వేశావని మాత్రం అడగదు. ఆ తేడా నాకు చాలా నచ్చింది.

స్విట్జర్లాండులో ఒకటి రెండు చోట్ల ఇప్పటికీ ఊరి మైదానంలో చేరి చెయ్యెత్తి ఓటు చెబుతారు. దాపరికమెందుకు, ధైర్యంగా చెయ్యెత్తితే పోలా అనిపిస్తుంది. అయితే వాటిల్లోనే ఒకటైన అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్‌లో మగవాళ్ళు చేతులెత్తి ఆడవాళ్ళకి ఓటొద్దన్నారు. ఎప్పుడనుకున్నారు? 1990లో! ఆ ఏడాది చివర దేశపు పెద్ద కోర్టు మందలిస్తే గానీ దారికి రాలేదు. అప్పటికి మన విశాఖపట్నం ఉమా గజపతిరాజుగారిని పార్లమెంటుకి పంపి ఏడాదయింది.

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలకే మగవారితోబాటు మనకీ ఓటొచ్చింది. కానీ 1951-52లో జరిగిన ఆ ఎన్నికల్లో దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు ఓటు పోగొట్టుకున్నారు. ఎందుకంటే తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని మాత్రమే రాయించుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదని వాళ్ళని జాబితాలోంచి తీయించారు.

ఇవాళ మనకి పేరుంది, ఫొటో ఉన్న కార్డుంది. అయినా భోజనాల దగ్గర శ్రీవారు "మనింట్లో నాలుగోట్లూ ఇటే" అని ప్రకటిస్తే, మజ్జిగ పోస్తూ తలూపే ఇల్లాళ్ళు ఎంతమంది లేరు! మన ఉక్కు కర్మాగారంలో గుర్తింపు యూనియన్‌ని ఎన్నుకునేటప్పుడు కార్మికులు రహస్య బ్యాలెట్టే వేస్తారు. మర్నాడు అదే లీడరుతో కలిసి షిఫ్టు చెయ్యాల్సిన మనిషికి ఆ మాత్రం చాటు ఉండాలి కదా. కొలిమి దగ్గర పనిచేసేవాడికి కావలసిన చాటు, పొయ్యి దగ్గర ఉన్నదానికి అక్కర్లేదా?

కపటం సంగతికి వస్తాను. "ఎవరికి వేశావు?" అని ఆయనడిగితే "చెప్పను" అనడం అబద్ధం కాదు. "మీరన్నవారికే" అని వేరొకరికి వెయ్యడం అబద్ధమే. అయితే "చెప్పను" అంటే చెంప పగిలే ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ ఆ అబద్ధం తప్పని నేననలేను. కౌశికుడి కథ గుర్తుందా? ప్రాణభయంతో దాక్కున్నవాళ్ళ జాడ దొంగలకి నిజం చెప్పి నరకానికి పోయాడని కర్ణపర్వంలో కృష్ణుడు చెప్పలేదూ?

ఇక రెండోది మరీ చిక్కు. మొన్నటి ఎన్నికలప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆవిడ గిన్నెలు తోముతూ అంది. "డబ్బులుచ్చుకుని దీపం మీద సెయ్యేసినానమ్మా. నాకు ఆళ్ళంటే పడదు. ఎయ్యకపోతే పిల్లలకి తగల్దా?"

ఎంత తెలివో చూడండి! లంచమిచ్చినవాడు పని జరిగిందో లేదో తెలుసుకోలేకుండా చెయ్యడం కూడా ఆ అట్ట చాటు ఉద్దేశాల్లో ఒకటి. ఇక్కడ ఆ చాటుకి దేవుణ్ణే ఏజెంటుగా పంపించారు!

బలిచక్రవర్తి మాట తప్పలేదు నిజమే. కానీ ఆయన ఇచ్చింది తనది. ఓటు చేతిలో ఉండేది మనకే అయినా దాని ఫలితం వీధి వీధంతా అయిదేళ్ళు అనుభవిస్తుంది. నలుగురిదీ అయినదాన్ని అమ్ముతానన్న మాటకి కట్టుబడాలని ఏ దేవుడూ అడగడు. డబ్బు తీసుకోవడం తప్పే. చట్టం దృష్టిలో ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. కానీ ఒక తప్పు చేశాం గనక రెండోదీ చేసి తీరాలనడం ఏం నీతి? ఈ మాటే ఆవిడతో అన్నాను. "సూత్తానమ్మా" అంది. ఏం చేసిందో నేనడగలేదు. అడక్కూడదు కూడా.

ఆవిణ్ణి చూసి మనం ముక్కు మీద వేలేసుకుంటాం. కానీ ఆవిడ నాలుగు రోజులు నిద్రపట్టక ఆలోచించింది. మనలో చాలామందిమి పైసా పుచ్చుకోకుండా, ప్రమాణమైనా చెయ్యకుండా, ఎవరో చెప్పినవారికి ఊరికే ఇచ్చేస్తున్నాం. అదీ కాకపోతే సెలవు కలిసొచ్చిందని అరకు బయల్దేరుతున్నాం. ఇద్దరిలో ఓటుకి ఎక్కువ విలువ ఇచ్చింది ఎవరంటారు?

మీటా నొక్కాక పక్కనున్న అద్దంలో మనం వేసిన గుర్తు ఏడు సెకన్లు కనిపించి లోపలికి జారిపోతుంది. ఆ కాసేపూ మనం ఎవరి భార్యా కాదు, ఎవరి తల్లీ కాదు. కులంవాడనో, మావారు చెప్పారనో వేసి ఉంటే, ఇంత కట్టుదిట్టం చేసి దాచుకోవడానికి అందులో మనదంటూ ఏముంది? రహస్యం దాచడం కన్నా ముందు, దాచుకోదగ్గ సొంత అభిప్రాయం ఒకటి ఉండాలి. దానికోసం పేపరు చదవాలి, నాలుగు మాటలు వినాలి, మావారితో వాదించినా తప్పులేదు.

ఆ తర్వాత ఎవరైనా "ఎవరికి వేశావే?" అని అడిగితే, ఇంకాస్త చారు వడ్డించి ఊరుకోండి.