కృతజ్ఞత అంటే ఏమిటి?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. చర్చీలు మూతపడ్డాయి. ఏప్రిల్ 12న ఈస్టర్ ఆరాధన నాందేడ్‌లోని మా ఇంట్లోనే చాప మీద కూర్చొని చేసుకున్నాం. "మమ్మల్ని క్షేమంగా ఉంచినందుకు స్తోత్రం ప్రభువా" అని నాన్న ప్రార్థన చేశారు.

నాకు ఒక సందేహం వచ్చింది. అప్పుడు మన ఊరి హుజూర్ సాహిబ్ గురుద్వారాకు పంజాబ్ నుంచి వచ్చిన వేలమంది యాత్రికులు ఇంటికి పోలేక చిక్కుకున్నారు. మరి వాళ్లను దేవుడు మరిచిపోయాడా?

అమ్మను అడిగాను. "వాళ్లకు లంగర్‌లో భోజనం పెడుతున్నారు కదా. దేవుడు మనుషుల చేతులతోనే పెడతాడు బిడ్డా" అంది. సాయంత్రం పని లేని పక్కింటివాళ్లకు రెండు కిలోల బియ్యం నాతోనే పంపింది.

'మేం బాగున్నాం' అనుకోవడం సంతోషమే. కానీ పక్కవాళ్ల ఆకలి గుర్తుకొస్తేనే అది కృతజ్ఞత అవుతుందని ఆ రోజు నాకు అర్థమైంది.